హైదరాబాదు ద్రాక్షలో తీపి ఎంత?

శివరాత్రి దగ్గరపడే రోజులలో తార్నాక కూడలిలో తోపుడుబండ్ల మీద ద్రాక్షగుత్తులు రాసులుగా కనిపిస్తాయి. ఈ సంవత్సరం అటువంటి బండి దగ్గర నిలుచున్నప్పుడే మా విద్యార్థి ఒకడు నన్నొక ప్రశ్న వేశాడు. అతడు సెలవులలో స్నేహితులతో నాసిక్ వెళ్లి వచ్చినవాడు. అక్కడి కొండవాలు తోటలు, ద్రాక్షసారా తయారుచేసే శాలలు, పక్కనే భోజనశాలలు, చూడవచ్చిన జనసమ్మర్దం అన్నీ వర్ణించి, "సార్, మన ఊరి ద్రాక్షకు కూడ ఎంతో పేరుండేదంటారు గదా. మరి ఇక్కడ ద్రాక్షసారా ఎందుకు పుట్టలేదు?" అని అడిగాడు.

దీనికి సమాధానం విశ్వవిద్యాలయపు గదిలో నల్లబల్ల మీద వ్రాయవచ్చును. కాని తోటలో చెప్పడమే మేలని తోచి, ఆ ఆదివారం ఎనిమిదిమందిమి ఒక వక్రీభవనమాపకాన్ని, రెండు గిన్నెల పులిహోరను వెంటబెట్టుకొని కీసర దారి పట్టాము.

ప్రయాణంలోనే పాఠం మొదలయింది. మా ఆవరణలోని బండరాళ్లు, దారిలో కనబడే మౌలాలీ గుట్ట, కీసర గుట్ట, అన్నీ ఒకే జాతి గ్రానైటు. దాని వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. ఈ రాయి చివికి చివికి ఏర్పడిన ఎర్రని ఇసుకపాటి నేలనే మన రైతులు చెల్క అంటారు. ఇందులో నీరు నిలువదు. ద్రాక్షవేరుకు కావలసినదీ అదే.

మేము వెళ్లిన తోట మూడెకరాలు. రాతికూసాల మీద తీగెలల్లి, తలకు తగిలేటంత ఎత్తున పందిరి వేశారు. క్రిందకు వ్రేలాడే గుత్తులు అనాబ్-ఎ-షాహీ రకం. ఆ మాటకు రాజద్రాక్ష అని అర్థం. సుమారు 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ దీనిని హైదరాబాదులో ప్రవేశపెట్టినట్లు ఉద్యానశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. కాయ పొడవుగా, గింజతో, పలుచని తోలుతో ఉంటుంది. పండినప్పుడు తేనెరంగుకు తిరుగుతుంది. కాపు విరగకాస్తుంది.

ఇక్కడ పాఠకులు ఒక వింతను గమనించాలి. ద్రాక్ష చలిదేశాలకు అలవాటు పడిన తీగె. అక్కడ శీతకాలంలో ఆకు రాల్చి నిద్రిస్తుంది, వసంతంలో చిగిర్చి, శరదృతువు నాటికి పండుతుంది. మన ప్రాంతంలో దానిని నిద్రపుచ్చే చలి లేదు. ఊరకే వదిలితే ఏడాది పొడుగునా ఆకే వేసి పందిరినంతా కప్పుతుంది. అందుచేత చలి చేయవలసిన పనిని మన రైతు కత్తెర చేస్తుంది. ఏప్రిల్‌లో కొమ్మలను మొదటికంటా కత్తిరిస్తారు. కొత్త కొమ్మలు వస్తాయి. మండుటెండలో, మొగ్గల లోపల, కంటికి కనబడకుండ పూగుత్తి రూపు కడుతుంది. ఆ దినాలలో ఆకాశం మబ్బుపట్టి ఉంటే పూగుత్తికి బదులు నులితీగె తయారవుతుంది. అక్టోబరులో రెండవ కత్తిరింపు. దానితో ఆ మొగ్గలు మేలుకొని పూస్తాయి, ఫిబ్రవరి మొదలు కోతకు వస్తాయి. దౌలతాబాదు ద్రాక్ష సంవత్సరానికి రెండుమార్లు కాస్తుందని 14వ శతాబ్దిలోనే ఇబ్న్ బతూతా వ్రాసినాడు. దక్కను తీగె అప్పటికే నిద్ర మరచినదన్నమాట.

ఇక కొలత సంగతి. వక్రీభవనమాపకపు గాజుముఖం మీద ఒక రసపుచుక్క వేసి వెలుగు వైపు చూడాలి. చక్కెర ఎక్కువైనకొద్ది కాంతి ఎక్కువగా వంగుతుంది. ఆ వంపును బట్టి నూటికి ఇంత అని తెలుస్తుంది. చూసేముందు ప్రతివారిని రుచి చూచి అంకె చెప్పమన్నాను. అందరూ తప్పారు! పులుపు తక్కువగా ఉన్న పండును ఎంతో తీయనిదనుకున్నారు. నాలుకకు అందేది తీపి పులుపుల పొందిక, యంత్రానికి అందేది చక్కెర. ఎక్కువ గుత్తులు 14, 15 చూపాయి.

మా వాడి ప్రశ్నకు సగం జవాబు ఈ అంకెలోనే ఉన్నది. ఈస్టు అనే సూక్ష్మజీవి 180 పాళ్ల ద్రాక్షచక్కెరను 92 పాళ్ల ఆల్కహాలుగా, 88 పాళ్ల బొగ్గుపులుసు గాలిగా విడగొడుతుంది. 15 చూపే రసం పులిస్తే ఘనపరిమాణంలో నూటికి 8 పాళ్లకు కాస్త పైగా ఆల్కహాలు వస్తుంది. ద్రాక్షసారాకు 12, 13 కావాలి. అంటే రసంలో చక్కెర 22 నుండి 24 దాక ఉండాలి. ఆల్కహాలు తక్కువైన పానీయం నిలువదు. తోట గట్టున ఈతచెట్టుకు కట్టిన ముంత చూపించి, ఉదయం తియ్యగా ఉన్న కల్లు సాయంత్రానికి ఎందుకు పుల్లబడుతుందో చెబితే వారికిది సులభంగా బోధపడింది.

మిగిలిన సగం తోలులో, చలిలో ఉన్నది. ఎర్రసారాకు రంగు, వగరు ఇచ్చేది తోలు, గింజలే. దానికి చిన్నకాయ, మందపు తోలు కావాలి. రాజద్రాక్ష గుణాలు దీనికి సరిగా వ్యతిరేకం, అందుకే అది తినడానికి అంత బాగుంటుంది. నాసిక్, హైదరాబాదు ఎత్తులో పెద్ద తేడా లేదు, అది సుమారు 600 మీటర్లు, ఇది 540. కాని నాసిక్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు 10 డిగ్రీల దగ్గరకు దిగుతాయి. చల్లని రాత్రి పండులోని పులుపును కరగనీయదు. పైగా అక్కడివారు 1990 దశకం చివర షెనిన్ బ్లాంక్, సావిన్యోన్ బ్లాంక్ వంటి సారాద్రాక్షలనే తెచ్చి నాటుకున్నారు.

మధ్యాహ్నం పందిరి నీడలోనే పులిహోర, ఆపైన ఉప్పుకారం అద్దిన పుల్లద్రాక్ష తిన్నాము. నాసిక్ చూచి వచ్చినవాడు కూడ భోజనానికి ఏమీ వంక పెట్టలేదు.

తోట యజమాని మాతో కూర్చున్నాడు. చుట్టూ మూడు వైపుల తోటలు పోయి ఇళ్లస్థలాల రాళ్లు లేచాయి. బోరులో నీరు దిగిపోతున్నది. కత్తిరింపు తర్వాత వాన పడితే బూజు తెగులు, మందులకు ఖర్చు. "వచ్చే ఏప్రిల్‌ల కత్తెర పెడ్తనో లేదో సార్, పిల్లలు అమ్ముదామంటున్రు" అన్నాడు. నేనేమీ అనలేకపోయాను. మా వాళ్లు మాత్రం మిగిలిన వరుసలన్నీ కొలుస్తూనే ఉన్నారు. మూలనున్న ఒక తీగె 17 చూపిందని కేక వేశారు. ఆయన లేచి వెళ్లి, యంత్రంలో తానూ ఒక కన్ను పెట్టి చూచి, ఆ తీగెకు ఎర్రగుడ్డ పీలిక కట్టాడు.