తుపాను కబురు చూపేందుకు ఏ పనిముట్టు?

మొవ్వ: 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమ నేటికీ మరువలేదు. ఇప్పుడు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి ‘సచేత్’ తుపాను హెచ్చరికలను ఫీడ్ రూపంలో కూడా అందిస్తున్నది. కొత్త కబురు వచ్చినప్పుడల్లా మారే పట్టికే ఫీడ్. దాన్ని చదివి మొవ్వ వంటి ఊరి వెబ్‌సైటులో చూపాలంటే ఒక ప్రోగ్రాము కావాలి. ఉచితంగా దొరికేవే పలు రకాలున్నాయి.

‘మాగ్‌పై’ సులువైనదే గాని, దాని చివరి విడుదల 2005 నాటిది. పైగా అది పశ్చిమ ఐరోపా లిపుల కోసం అమర్చి వస్తుంది. ఆ అమరిక మార్చకుంటే ‘తుపాను’ అన్న చోట ఆరు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. రైతు ఏం చదువుకోవాలి?

‘సింపుల్‌పై’ తెలుగును తెలుగుగానే చూపుతుంది. వర్డ్‌ప్రెస్ వారు సైతం 2009లో మాగ్‌పైని వదలి దీనికే మారారు. అయితే ఒక మెలిక ఉంది. తెచ్చిన కబురును సింపుల్‌పై గంటసేపు దాచుకుని అదే చూపుతుంది. వర్డ్‌ప్రెస్‌లోనైతే 12 గంటలు. కూచిపూడి ప్రదర్శనల కబుర్లకు ఫరవాలేదు. తుపానుకైతే ఆ గడువును నిమిషాలకు తగ్గించి పెట్టుకోవలసిందే.