టీకాయు దేహరక్షణయు

టీకా వేయించుకొనిన పిదప రక్తమున ప్రతిరక్షకములు పుట్టుననియు, అవి రోగమును నిరోధించుననియు మీరెఱుగుదురు. అవి ఎంత ఎక్కువగా పుట్టిన, రక్షణయు నంత ఎక్కువ యని తోచుట సహజము. కాని కాగితములు నిండినంతమాత్రమున ప్రశ్నకు సమాధానము వచ్చినట్లు కాదని చిరకాలము బడిపంతులుగా నుండిన నాకు తెలియును. వైద్యులీ సత్యమునే మిక్కిలి దుఃఖకరమైన రీతిని తెలిసికొనిరి.

రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్ అనునది 1956లో కనుగొనబడెను. ఆరోగ్యవంతులైన పెద్దలకు ఇది తఱచుగా పడిసెముతోనే పోవును. చంటిబిడ్డలలోను వృద్ధులలోను మాత్రము ఊపిరితిత్తులలోనికి దిగి ప్రాణాపాయము గూడ కలిగింపగలదు. ఈ వైరస్సును ఫార్మలిన్‌తో నిర్జీవమొనర్చి టీకా సిద్ధపఱచి, 1966 ప్రాంతమున అమెరికాలో శిశువులకు వేసి పరీక్షించిరి. రక్తమున ప్రతిరక్షకములు సమృద్ధిగనే కనబడెను. పిదప వైరస్ వ్యాపించెను. ఒక పరీక్షలో ఈ టీకా పొంది వైరస్ సోకిన 20 మంది శిశువులలో 16 మంది ఆసుపత్రి పాలైరి, ఇద్దఱు మరణించిరి. పోల్చిచూచుటకై వేఱొక టీకా వేసిన శిశువులలో, వైరస్ సోకిన 21 మందికిగాను ఆసుపత్రి చేరినది ఒక్కరే.

ఏల ఇట్లు జరిగెను? ఈ వైరస్ పైభాగమున ఎఫ్ అను మాంసకృత్తు గలదు. మన కణములోనికి చొరకమున్ను అది ఎక్కుపెట్టిన వింటివలె బిగిసియుండును. చొరునపుడు ఆ బిగువు విడి రూపము మాఱును. అటుపై నది నారి సడలిన విల్లే. ఫార్మలిన్ టీకాలో నున్నవి చాలవఱకు సడలిన విండ్లు. వానిని చూచి దేహము నేర్చిన ప్రతిరక్షకములలో పెక్కు, వైరస్సును అంటుకొనగలిగెనే కాని ఆపజాలకపోయెను. పైగా దానితో గూడి ముద్దలై ఊపిరితిత్తులలో వాపును హెచ్చించెను. కొన్ని తెల్లరక్తకణములును పెడదారి పట్టి ఆ కీడునకు తోడయ్యెను.

2013లో జేసన్ మెక్‌లెల్లన్, బార్నీ గ్రాహం మొదలగు అమెరికా శాస్త్రజ్ఞులు ఆ ఎక్కుపెట్టిన రూపమును స్పష్టముగా చూపి, అది సడలకుండ నిలుపు ఉపాయమును గూడ కనిపెట్టిరి. ఇట్టి ఉపాయమునే 2020లో కొన్ని కోవిడ్ టీకాల తయారీలోను వాడిరి. ఆ రూపముతో చేసిన ఆర్.ఎస్.వి. టీకాలకు 2023లో అమెరికాలో అనుమతి లభించెను. 60 ఏండ్లు నిండిన సుమారు 25,000 మందిపై జరిగిన ఒక పరీక్షలో, టీకా పొందినవారికి ఊపిరితిత్తుల వైపు దిగు వ్యాధి నూటికి 82 పాళ్లు తగ్గెను. ఆ యేడే గర్భిణులకును ఒక టీకా అనుమతింపబడెను. తల్లియందు పుట్టిన ప్రతిరక్షకములు గర్భస్థశిశువును చేరి, పుట్టిన తొలి మాసములలో కాపాడును.

నేడు టీకాను పరీక్షించువారు ప్రతిరక్షకములెన్ని యని లెక్కించుటతో తృప్తి చెందరు. అవి వైరస్సును నిజముగా ఆపునా యనియు, టీకా పొందినవారికి రోగము సోకినపుడు ముదురునా యనియు కనిపెట్టి చూతురు. ఈ జాగ్రత్తను నేర్పినది 1966 నాటి ఆ పసిబిడ్డలు. మనమందఱము వారికి ఋణపడియున్నాము.