నాగార్జున ఎవరు? - ఒక పేరు నడిచిన దారి

పంజాగుట్ట నుంచి బంజారా హిల్స్ ఎక్కే దారిలో నాగార్జున సర్కిల్ ఉంది. రోజూ వేలమంది ఆ పేరు పలుకుతారు. "నాగార్జున సర్కిల్ కాడ దించన్నా" అని ఆటో దిగిపోతారు. ఆ నాగార్జున ఎవరని అడిగి చూడండి. సినిమా హీరో అని ఒకరంటారు. డ్యామ్ అని ఇంకొకరంటారు. కంపెనీ పేరని మరొకరంటారు. పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటి బౌద్ధ ఆచార్యుడని చెప్పేవాళ్ళు తక్కువ. అక్కడి నుంచి ఇంకాస్త పైకెక్కి జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్ దాకా పోతే, హీరో తప్ప ఇంకెవరూ మిగలరు.

ఒకప్పుడు పిల్లలకు ఎవరూ పెట్టని పేరు ఇంటింటి పేరు ఎట్లా అయింది? ఆ దారిలో అది ఏం పోగొట్టుకుంది? దళితులకు దానితో ఏం పని? ఈ వ్యాసం వాటి గురించే.

పేరులో ఏముంది?

పేరులో ఏముంది అనే మాట పేరుతో అవమానపడని వాళ్ళకు చెల్లుతుంది. మనుస్మృతి రెండో అధ్యాయం 31వ శ్లోకం ఈ సంగతి దాచుకోలేదు. బ్రాహ్మణుడి పేరు శుభాన్ని, క్షత్రియుడి పేరు బలాన్ని, వైశ్యుడి పేరు ధనాన్ని సూచించాలట. శూద్రుడి పేరు మాత్రం ఏవగింపు కలిగించాలట. ఆ తరువాతి శ్లోకం శూద్రుడి పేరు చివర సేవను సూచించే మాట ఉండాలంటుంది. శూద్రుడికే ఇది రాసిపెడితే, ఆ నాలుగు వర్ణాల బయట నిలబెట్టిన వాళ్ళ సంగతి వేరే చెప్పాలా?

అయితే మన తాతల పేర్లన్నీ మనువు పెట్టినవే అనుకోవడం కూడా తప్పే. పెంటయ్య, పుల్లయ్య వంటి పేర్ల వెనక తల్లుల భయం ఉంది. పుట్టిన పిల్లలు పుట్టినట్టే చనిపోతుంటే, తరువాతి బిడ్డను పెంటకుప్ప మీదో, ఎంగిలి విస్తరిలోనో ఒక్క క్షణం పడుకోబెట్టి తిరిగి తీసుకునేవాళ్ళు. చావుకు కూడా అక్కరలేని బిడ్డ అని చెప్పి బతికించుకునే ప్రయత్నం అది. ఎల్లయ్య, మల్లయ్య, మైసయ్య అనేవి ఊరి దేవతల నుంచి, దేవుళ్ళ నుంచి వచ్చిన పేర్లు. వాటిలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. సిగ్గుపడాల్సింది ఆ పేరు పిలిచే తీరు. ఎల్లయ్యలో 'అయ్య' ఉంది. దొర ఇంట్లో పదేళ్ళ పిలగాడు అరవై ఏళ్ళ ఎల్లయ్యను "ఒరే ఎల్లిగా" అన్నప్పుడు కత్తిరించేది ఆ 'అయ్య'నే. పేరు మీద జరిగే హింస ఇది.

అందుకే దళిత ఉద్యమం మొదటి నుంచీ పేర్లను పట్టించుకుంది. హైదరాబాద్ నగరంలోనే మాదరి భాగయ్య భాగ్యరెడ్డి వర్మ అయ్యారు. 'రెడ్డి' అంటే పాలకుడు, ఈ నేలకు మొదటి పాలకులు ఆదిజనులే కాబట్టి ఆ మాట మనదే అనే వాదంతో గురువు ఆ పేరిచ్చారు. 'వర్మ' 1913లో ఆర్యసమాజం ఇచ్చిన బిరుదు. 1917లో బెజవాడ సభకు ఆయన అధ్యక్షత వహించినప్పుడు, 'పంచములు' అనే మాటను పక్కన పెట్టి 'ఆది ఆంధ్రులు' అనే పేరు ముందుకొచ్చింది. ఒక మనిషి పేరూ, ఒక జాతి పేరూ రెండూ మార్చే పని ఒక్కరి జీవితంలోనే జరిగింది. ఆయన ఈ నగరంలో బుద్ధ జయంతులు కూడా జరిపించారు. నాగార్జున పేరు దగ్గరికి పోయే దారి అక్కడే మొదలవుతుంది.

మద్ది చెట్టు, నాగులు

ఆచార్య నాగార్జునుడు దాదాపు క్రీస్తు శకం రెండో శతాబ్దం వాడు. 27 అధ్యాయాల 'మూలమధ్యమక కారిక' రాసి మాధ్యమిక దర్శనానికి పునాది వేశాడు. శాతవాహన రాజుకు రాసినవిగా చెప్పే 'సుహృల్లేఖ', 'రత్నావళి' కూడా ఆయనవే. గుడ్డివాళ్ళను, రోగులను, దిక్కులేనివాళ్ళను, హీనంగా చూడబడే వాళ్ళను పోషించడం రాజు బాధ్యత అని 'రత్నావళి' చెబుతుంది.

పేరు ఎట్లా వచ్చిందో కుమారజీవుడి పేరుతో చైనా భాషలో ఉన్న జీవితకథ చెబుతుంది. తల్లి అర్జున వృక్షం కింద, అంటే మన తెల్లమద్ది చెట్టు కింద, ఆయన్ను కన్నది. నాగులు ఆయనకు జ్ఞానం అందించారు. నాగ, అర్జున కలిసి నాగార్జున. మహాభారతంలో విల్లు పట్టిన అర్జునుడికీ, ఈ పేరుకూ సంబంధం లేదు. ఇది చెట్టు పేరు, నాగుల పేరు.

నాగులు అంటే పాములు కారనీ, ఒక జనమనీ అంబేద్కర్ 1948లో అచ్చయిన 'అస్పృశ్యులు' గ్రంథంలో వాదించారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష తీసుకుని, మరునాటి ఉపన్యాసంలో ఆ ఊరు ఎంచుకున్న కారణం చెప్పారు. ఈ దేశంలో బౌద్ధాన్ని వ్యాపింపజేసింది నాగులే అన్నారు. ఆ లెక్కన 'నాగ' అనే మాట ఉన్న ప్రతి పేరులోనూ మనకు ఒక పాత చుట్టరికం వినబడుతుంది.

తెలుగు నేల మీద ఆ ఆచార్యుడి జ్ఞాపకం మనుషుల పేర్లలో కాక ఒక కొండ పేరులో మిగిలింది. ఇక్ష్వాకుల శాసనాలు అక్కడి కొండను శ్రీపర్వతం అన్నాయి, నగరాన్ని విజయపురి అన్నాయి. జనం నోట మాత్రం అది నాగార్జునకొండ. జగ్గయ్యపేటలో దొరికిన సుమారు ఆరో శతాబ్దపు శాసనం నాగార్జునాచార్యుణ్ణి, ఆయన శిష్య పరంపరను పేర్కొంటుంది. ఆ తరువాత బౌద్ధం పోయింది, విహారాలు మట్టిలో కలిశాయి. కొండ ఒక్కటే పేరును మోసింది.

ఆనకట్ట నుంచి హోర్డింగ్ దాకా

1926లో నాగార్జునకొండ శిథిలాలు పురావస్తు శాఖ దృష్టికి వచ్చాయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1954 నుంచి 1960 దాకా ఒకవైపు తవ్వకాలు, మరోవైపు ముంపుకు ఏర్పాట్లు జరిగాయి. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. ఆచార్యుడి లోయ నీళ్ళ కిందికి పోయింది, ఆచార్యుడి పేరు నీళ్ళతోపాటు ఊరూరికీ పారింది. సాగర్ కాలువ, సాగర్ నీళ్ళు, సాగర్ ఆయకట్టు. తరువాత నిర్మాణ కంపెనీలకు, ఎరువుల కంపెనీలకు నాగార్జున పేరే వచ్చింది. ఆధునికతకూ అభివృద్ధికీ అది గుర్తయింది. ఆ నీళ్ళు పారిన భూములెవరివి, ఆ భూముల్లో నాట్లు వేసిన చేతులెవరివి అన్నది వేరే చెప్పక్కర్లేదు.

1976లో రెండు సంగతులు జరిగాయి. గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం ఏర్పడింది. హైదరాబాద్‌లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియో మొదలైంది. మద్రాసులో ఉన్న తెలుగు సినిమా మెల్లగా ఇటు కదిలి, జూబ్లీ హిల్స్ రాళ్ళగుట్టలు సినిమావాళ్ళ ఇళ్ళయ్యాయి. నాగేశ్వరరావు కొడుకు నాగార్జున 1959లో పుట్టారు. సాగర్ కడుతున్న కాలం అది. తండ్రి పేరులోనూ 'నాగ' ఉంది, మనవడు నాగచైతన్య పేరులోనూ 'నాగ' ఉంది. నాగులచవితికి పుట్టలో పాలు పోసే కోస్తా పల్లెల్లో నాగయ్య, నాగమణి, నాగభూషణం అన్ని కులాల్లో ఉన్న పేర్లే. బౌద్ధ నామం హిందూ ఇళ్ళలోకి అంత సులువుగా రావడానికి ఇదొక కారణం. వినేవాళ్ళకు అది నాగదేవత, అర్జునుడు కలిసిన పేరులాగే వినబడింది.

1986లో 'విక్రమ్', 1989లో 'గీతాంజలి', 'శివ' వచ్చాయి. 'శివ'తో ఆ పేరు కాలేజీ కుర్రాళ్ళ పేరయింది. తరువాత 1997లో 'అన్నమయ్య', 2006లో 'శ్రీరామదాసు', 2012లో 'శిరిడి సాయి', 2017లో 'ఓం నమో వెంకటేశాయ'. అన్ని వస్తువులకూ స్వభావం లేదని, అంతా పరస్పరాధారమని వాదించిన ఆచార్యుడి పేరున్న నటుడు తెలుగు తెర మీద భక్తికి ముఖమయ్యారు. ఇందులో ఆ నటుడి తప్పేమీ లేదు. ఒక పేరు తన చరిత్ర నుంచి ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

బస్తీలో ఆ పేరు

ఫిల్మ్ నగర్ అంటే బంగళాలు ఒక్కటే కాదు. గుట్ట పక్కనే బస్తీలున్నాయి. కిందికి దిగితే కృష్ణానగర్ ఉంది. లైట్లు మోసేవాళ్ళు, సెట్లు వేసేవాళ్ళు, గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టులు ఉండేది అక్కడ. తెర మీద హీరోలకు కులం తోకలున్న పేర్లు చాలా వచ్చాయి. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు' సినిమా టైటిళ్ళే అయ్యాయి. రంగయ్య, రామయ్య లాంటి పేర్లు పనివాడికీ, పాలేరుకూ మిగిలాయి. ఆ తోకలు లేని హీరో పేరు, పలకడానికి బరువున్న పేరు దొరికితే బస్తీ తండ్రి దాన్ని బిడ్డకు పెట్టుకున్నాడంటే ఆశ్చర్యం లేదు.

అదే బస్తీలో అంబేద్కర్ సంఘం కూడా ఉంటుంది. అక్కడ వినబడే వాదన ఇట్లా ఉంటుంది. "సినిమా పిచ్చితోని హీరో పేరు పెట్టినవ్ గదా బావా" అంటాడు బామ్మర్ది. "పెడితే ఏమాయె? మంచిగనే ఉంది గదా." "మంచిగనే ఉంది. అది బుద్ధుని మనిషి పేరు. నువ్వు తెల్వక పెట్టినా మన పేరే పెట్టినవ్." ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

1985 జూలై 17న కారంచేడు జరిగింది. దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. నాగార్జున పేరున్న విశ్వవిద్యాలయం ఉన్న జిల్లాలోనే అది జరిగింది. ఆ ఏళ్ళలో చదువుకున్న దళిత ఇళ్ళలో గౌతమ్, సిద్ధార్థ, రాహుల్, అశోక్ అనే పేర్లకు కొత్త అర్థం వచ్చింది. నాగార్జున ఆ వరసలోదే. పైగా మన నేల మనిషి.

ఇంకో సంగతి మరవకూడదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులకే ఆ హోదా అన్నది. 1956లో సిక్కులను చేర్చారు. బౌద్ధులను చేర్చింది 1990లో. దళిత క్రైస్తవులను చేర్చలేదు. అందుకే ఇంట్లో దానియేలు, బడి రిజిస్టర్‌లో ఇంకో పేరు ఉన్న పిల్లలు మనకు తెలుసు. చర్చి పేరు సర్టిఫికెట్‌కు అడ్డమవుతుంది. పాత పేరు కులాన్ని పట్టిస్తుంది. నాగార్జున అనే పేరు ఏదీ చెప్పదు. కులం అడగదలచినవాడు ఇంటిపేరు అడగాల్సిందే.

ఇది విడుదలా, దాక్కోవడమా? రెండూ కొంత కొంత ఉన్నాయి. వినేవాడికి కులం తెలియకపోవడం ఒక ఊపిరి. చరిత్ర మోసేవాడికే తెలియకపోవడం మాత్రం నష్టం. బీహార్‌లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన వైద్యనాథ్ మిశ్రా 1936లో సింహళంలో బౌద్ధ దీక్ష తీసుకుని నాగార్జున్ అనే పేరు పెట్టుకున్నారు. అదే పేరుతో హిందీ, మైథిలీ కవిగా నిలిచి, 1977 బెల్చీ దళితుల ఊచకోత మీద 'హరిజన్ గాథ' రాశారు. ఆయనకు పేరు ఒక నిర్ణయం. మన పిల్లలకు అది వచ్చిపడిన పేరు. తెలుసుకుంటే వాళ్ళకూ అది నిర్ణయమే అవుతుంది.

2004లో గుంటూరు విశ్వవిద్యాలయం పేరు ముందు 'ఆచార్య' చేర్చారు. ఆ ఒక్క మాటతో పేరు తన మనిషి దగ్గరికి కొంత తిరిగొచ్చింది. మిగతా పని బడి పంతుళ్ళది, సంఘాలది. హాజరు పిలిచేటప్పుడు నాగార్జున అనే పిల్లవాడు "ప్రెజెంట్ సార్" అంటే, ఒక్క నిమిషం ఆగి ఆ పేరు ఎవరిదో చెప్పండి. ఎల్లయ్య అనే పిల్లవాడు లేస్తే ఆ పేరు కథా చెప్పండి. కొత్త పేరు పెట్టుకునే హక్కు ఎంత ముఖ్యమో, పాత పేరును పూర్తిగా, 'అయ్య'తో సహా పిలిపించుకునే హక్కూ అంతే ముఖ్యం.