ఇంధనధార

2025 నవంబరు 26న శంషాబాదు విమానాశ్రయ ప్రాంగణంలో సఫ్రాన్ సంస్థ వారి లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రం ప్రారంభమైంది. అంత అధునాతనమైన ఇంజనులో సైతం ప్రధాన ఇంధన పంపును తిప్పేది విద్యుత్తు కాదు. ఇంజను ఇరుసే పళ్లచక్రాల ద్వారా దానిని తిప్పుతుంది. ఆకాశమధ్యంలో విద్యుత్తు లోపించినా ఇంధనధార ఆగరాదు గదా!

పూర్వపు పెట్రోలు కార్లలోనూ పంపుకు ఇంజనే ఆధారం. ఇంజను బ్లాకులో తిరిగే కామ్‌షాఫ్ట్ మీది ఉబ్బెత్తు భాగం పంపు మీటను నొక్కుతుంది. మీట డయాఫ్రం అనే పలుచని పొరను లాగినప్పుడు ట్యాంకులోని పెట్రోలు పంపులోకి వస్తుంది. స్ప్రింగు ఆ పొరను తిరిగి నెట్టినప్పుడు కార్బురేటరుకు చేరుతుంది. రెండు కవాటాలు ధారను వెనుకకు మరలనీయవు.

ఇట్టి పంపును తరువాతి కాలపు బ్లాకుకు అమర్చడం చూడటానికి సులభమే. పంపు స్థానాన్ని మూసిన రేకును విప్పి బిగిస్తే చాలుననిపిస్తుంది. కాని బోల్టు రంధ్రాలు కలిసినంత మాత్రాన పొత్తు కుదరదు. లోపలి కామ్‌షాఫ్ట్‌కు ఆ ఉబ్బెత్తు భాగమే లేకపోవచ్చు. ఉన్నా, మీట పొట్టిదైతే పెట్రోలు చాలదు; పొడవైనదైతే విరిగే ప్రమాదముంది. గాస్కెట్ మందం పెరిగినా మీట కదలిక తగ్గుతుంది. ఇక ఇంజెక్షన్ పద్ధతి గల ఇంజనుకు కావలసిన పీడనం ఈ పంపు ఇచ్చేదానికి సుమారు పది రెట్లు. అక్కడ దీనికి పని లేదు.

అన్నిటికంటె హానికరమైనది చిరిగిన పొర. దాని గుండా జారిన పెట్రోలు ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలుచనై బేరింగులు అరిగిపోతాయి. అనుభవజ్ఞుడైన మెకానిక్ ఆయిల్ కొలిచే కడ్డీని తీసి వాసన చూసేది అందుకే.