ముసురులో మహా గుమ్మడి

అలాస్కాలోని పామర్ పట్టణంలో ఏటా ఆగస్టు చివర రాష్ట్ర ప్రదర్శన జరుగుతుంది. ఆ ఊరున్న మటానుస్కా లోయ భారీ కూరగాయలకు పెట్టింది పేరు. 2012లో 62 కిలోలు దాటిన క్యాబేజీ తూగింది ఆ ప్రదర్శనలోనే. జూన్‌లో దాదాపు 19 గంటల పగలు, పైగా చల్లటి గాలి. క్యాబేజీకి అంతకంటే కావలసింది లేదు. గుమ్మడి సంగతి వేరు. దక్షిణ అమెరికా నేలల్లో పుట్టిన ఈ తీగకు వెలుగు ఒక్కటే చాలదు, వెచ్చదనమూ కావాలి. పామర్‌లో జూలై పగళ్లే సగటున 20 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి, రాత్రుళ్లు 10 డిగ్రీల దాకా దిగుతాయి, ఆగస్టు వచ్చేసరికి ముసురు పడుతుంది. అలాంటి వాతావరణంలో 2022లో డేల్ మార్షల్ పండించిన గుమ్మడికాయ 2,147 పౌన్లు, అంటే సుమారు 974 కిలోలు తూగింది. ఇది ఎలా సాధ్యమైందో చూస్తే, ఒక తీగ లోపల నీరూ చక్కెరా ఎలా నడుస్తాయో కూడా అర్థమవుతుంది.

ఈ జాతి శాస్త్రీయ నామం కుకుర్బిటా మాక్సిమా. మన పెరళ్లలో పాకే తియ్యగుమ్మడి ఎక్కువగా కుకుర్బిటా మోస్కాటా. దగ్గరి చుట్టమే అయినా వేడిని బాగా ఓర్చుకుంటుంది. పోటీలకు వచ్చే కాయలు దాదాపు అన్నీ ఒకే వంశానివి. కెనడాలోని నోవా స్కోషియాలో హోవర్డ్ డిల్ అనే రైతు ఏళ్ల తరబడి విత్తనం ఏరి ఏరి నిలబెట్టిన అట్లాంటిక్ జెయింట్ రకం అది. 1981లో ఆయన కాయ 224 కిలోలు తూగితే ప్రపంచ రికార్డు అయింది. 2025 అక్టోబరులో ఇంగ్లండ్‌లో పేటన్ సోదరుల కాయ 1,278.8 కిలోలు తూగింది. అంటే 44 ఏళ్లలో బరువు ఐదు రెట్లు దాటింది.

ఆ బరువు ఎక్కడి నుంచి వచ్చింది? ఆకులు ఎక్కువ చక్కెర తయారు చేస్తున్నాయని ఎవరైనా అనుకుంటారు. జెస్సికా సావేజ్, ఆమె సహచరులు 2015లో ప్రచురించిన పరిశోధన ఆ ఊహను తోసిపుచ్చింది. మహా గుమ్మడి ఆకులోని కిరణజన్య సంయోగక్రియకూ, మామూలు గుమ్మడి ఆకులోని దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా అంతా రవాణాలో ఉంది. చక్కెరను ఆకు నుంచి కాయకు చేరవేసే పోషక కణజాలం మహా గుమ్మడి కాడల్లో, తీగలో బాగా ఎక్కువ. చెరువు పాతదే, కాలువలను వెడల్పు చేశారన్నమాట. డిల్, ఆయన తర్వాతి రైతులు కాటా మీది అంకె చూసి విత్తనం ఎంచుకుంటూ పోయారు. తమకు తెలియకుండానే ఈ నాళాలను ఎంచుకున్నారు. చలిని ఓర్చే గుణాన్ని మాత్రం ఆ కాటా చూపించలేదు. అందుకే చల్లటి ఊళ్లలో ఆ లోటును రైతు తన చేతులతో పూడ్చుకోవాలి.

చలి దెబ్బ మొదట తగిలేది వేరుకు. నేల 15 డిగ్రీల కంటే చల్లబడితే గుమ్మడి వేరు నీటిని సరిగా లాగలేదు. కణపు పొరలు బిరుసెక్కుతాయి, వాటిలో నీటికి దారులుగా పనిచేసే ప్రోటీన్లు మందగిస్తాయి. మూడు రోజులు ముసురు పట్టి నాలుగో రోజు ఎండ కాసిందనుకోండి. పాదులో చేయి పెడితే బురద అంటుతుంది, పైన చూస్తే ఆకు గొడుగులా ముడుచుకుని వేలాడుతూ ఉంటుంది. ఎండకు ఆకు నీటిని వదులుతోంది, చల్లబడ్డ వేరు దాన్ని భర్తీ చేయలేకపోతోంది. వాడిందని జాలిపడి మరో బిందె నీళ్లు పోస్తే చెరుపే. నీటితో నిండిన మట్టిలోకి గాలి చొరబడదు. ఆక్సిజన్ గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీటిలో వ్యాపించే వేగం దాదాపు పది వేల రెట్లు తక్కువ. ఊపిరాడని వేరుకు కుళ్లు తెగులు పట్టడానికి ఎంతోసేపు పట్టదు.

కాబట్టి చల్లటి వానల వేసవిలో సేద్యమంటే, నా లెక్కన, ఎరువుల కంటే ముందు వేరును వెచ్చగా, గాలి ఆడేలా ఉంచడం. మట్టిని ఎత్తుగా పోసి, నీరు జారిపోయేలా వాలు పెడతారు. మొక్క నాటకముందే నల్ల ప్లాస్టిక్ పరిచి ఎండ వేడిని నేలలోకి పట్టిస్తారు. అలాస్కాలో అయితే పైన ప్లాస్టిక్ ఇల్లు, మట్టి లోపల విద్యుత్ తీగలతో వేడి. బావి నీళ్లు నేరుగా పెట్టకుండా పీపాల్లో నింపి, కాస్త వేడెక్కాకే పారిస్తారు. ఈ తీగ ప్రతి కణుపు దగ్గరా వేరు వేయగలదు కనుక, పాకుతున్నంత మేరా కణుపులను మట్టితో కప్పుతూ పోతారు. మొదలు దగ్గర కుళ్లు మొదలైనా కాయకు నీళ్లందించే దారులు అప్పటికి డజన్ల కొద్దీ ఉంటాయి.

తర్వాతి గండం పూత. సంక్రాంతి గొబ్బెమ్మల మీద గుమ్మడి పువ్వు పెట్టినవాళ్లకు తెలుసు, తెల్లవారి విరిసిన పువ్వు ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది. ఆడపువ్వుకు ఉన్న గడువూ ఆ కొన్ని గంటలే. వానలో తేనెటీగ బయటికి రాదు. తడిసిన పుప్పొడి రేణువు నీటిని పీల్చుకుని పగిలిపోతుంది. అందుకని రైతు ముందురోజు సాయంత్రమే కొన పసుపెక్కిన మొగ్గను గుర్తుపట్టి, తడవకుండా కప్పి ఉంచుతాడు. తెల్లవారుజామున మగపువ్వు కోసి, రేకులు తుంచి, మిగిలిన కాడతో ఆడపువ్వు లోపలి కీలాగ్రపు తమ్మెలన్నిటికీ పుప్పొడి అద్దుతాడు. ఒక్క తమ్మె వదిలినా కాయ వంకర తిరగవచ్చు. అద్దాక మళ్లీ కప్పేస్తాడు. ఆ తర్వాత కొద్ది రోజుల పాటు రాత్రుళ్లు మరీ చల్లబడితే పిందె పసుపుబారి రాలిపోతుంది. అందుకే ఒక పిందెనే నమ్ముకోకుండా రెండు మూడు నిలిపి, నిలదొక్కుకున్నదాన్ని ఉంచి మిగతావి తీసేస్తారు.

ఆ ఒక్క కాయకు కీలకమైన కాలం మూడో వారం నుంచి ఆరో వారం దాకా. అప్పుడు మంచి తీగ రోజుకు 15 కిలోలు, అంతకు మించి కూడా కాయలోకి పంపుతుంది. అందులో తొంభై శాతం దాకా నీరే. ఆ రోజుల్లో చలిగాలి తగిలి పెరుగుదల తగ్గితే పోయిన బరువు మళ్లీ రాదు. అంతకంటే పెద్ద ప్రమాదం ఆ తర్వాత పొంచి ఉంటుంది. చలికి చర్మం బిరుసెక్కిన కాయలోకి పెద్ద వాన తర్వాత నీరు ఒక్కసారిగా దూసుకొస్తే, లోపలి కండ ఉబ్బినంత వేగంగా పైతోలు సాగలేదు. తొడిమ దగ్గరో, చారల మధ్యో పగులుతుంది. ఆ పగులు లోపలి ఖాళీ దాకా వెళ్లిందంటే ఎంత బరువున్నా పోటీకి పనికిరాదు. రాత్రిపూట కాయకు దుప్పట్లు కప్పడం, పగలు తెల్లగుడ్డతో నీడ పట్టడం తోలును మెత్తగా ఉంచడానికే. పైన కప్పు వేసేది కూడా వెచ్చదనం కోసమే కాదు. కప్పు కింద ఎంత నీరు పోవాలో వాన నిర్ణయించదు, రైతు నిర్ణయిస్తాడు. రోజూ కొలిచి ఒకేలా ఇవ్వగలగడమే ఆయన బలం. పేటన్ సోదరుల కాయ పెరిగింది కూడా కప్పు కిందే. ఆ ఏడాది బ్రిటన్ వేసవి రికార్డు స్థాయిలో వేడిగా ఉండటం వాళ్లకు కలిసొచ్చిందని నా అంచనా.

కాయ కింద మరో సంగతి. టన్ను బరువు మోపిన చోట మట్టి తడిసి ఉంటే అడుగు మెత్తబడి కుళ్లుతుంది. పైనుంచి ఎంత నిగనిగలాడినా, ఎత్తే రోజున అడుగు పోయిన సంగతి బయటపడుతుంది. పిందె పిడికిలంత ఉన్నప్పుడే కింద ఇసుక పోసి, నీరు నిలవని నేత పట్టా పరిచి పెడతారు. తర్వాత పరుద్దామంటే ఎత్తడానికి క్రేన్ కావాలి.

చివరికి కోత. పామర్ ప్రదర్శన తేదీ ముందే ఖరారు. సెప్టెంబరులో మంచు ముంచుకొస్తుంది కాబట్టి దాన్ని వెనక్కి జరిపే వీలూ లేదు. కాలిఫోర్నియా రైతుకు అక్టోబరు దాకా సమయం ఉంటే, అలాస్కా రైతు ఆగస్టు ఆఖరుకే కాటా ఎక్కించాలి. అంటే జూన్‌లోనే పిందె పట్టాలి, దానికోసం ఏప్రిల్‌లోనే ఇంట్లో విత్తనం మొలవాలి. తొడిమ కోసిన క్షణం నుంచి కాయకు తీగ నుంచి ఏమీ అందదు. అది శ్వాసిస్తూ, తోలు గుండా నీరు వదులుతూ రోజురోజుకూ తగ్గుతుంది. అందుకే ముసురు పట్టినా తీగను ఆఖరి ఉదయం దాకా కాయకే ఉంచి, బండి వాకిట్లోకి వచ్చాక కత్తి పెడతారు.