కుక్కపిల్ల రంగు మారితే రోగమేనా?

సూరత్‌లోని బమ్రోలి మరమగ్గాల ప్రాంతం. తెలుగు నేత కుటుంబాలెన్నో స్థిరపడిన ఈ నగరంలోనూ, మన ఊళ్లలోనూ ఇంటి ముంగిట చేరిన కుక్కపిల్ల రంగు మారితే చర్మరోగమేమోనని సందేహం కలుగుతుంది. చాలా సందర్భాల్లో అది సహజ పరిణామమే.

వెంట్రుకలకు రంగునిచ్చేది మెలనిన్. ఇందులో యూమెలనిన్ నలుపు, గోధుమ ఛాయలను, ఫియోమెలనిన్ పసుపు, ఎరుపు ఛాయలను ఇస్తాయి. పిల్ల పెరిగేకొద్దీ జన్యువుల ప్రభావంతో వీటి పాళ్లు మారుతాయి. సుమారు 4 నుంచి 6 నెలల వయసులో తొలి బొచ్చు రాలి కొత్తది వచ్చేటప్పుడు ఈ తేడా స్పష్టమవుతుంది. డాల్మేషియన్ పిల్లలు తెల్లగా పుడతాయి. నల్లమచ్చలు 2, 3 వారాలకు తేలుతాయి.

ఛాతీ, పాదాలు, తోక కొన తెల్లగా ఉండటమూ లోపం కాదు. గర్భస్థ దశలో రంగునిచ్చే కణాలు వెన్ను వైపు నుంచి శరీరమంతటా విస్తరిస్తాయి. అవి చేరని చోట తెలుపు మిగులుతుంది.

అయితే బొచ్చును వేళ్లతో విడదీసి చర్మాన్ని పరిశీలించాలి. వెంట్రుకలు గుండ్రంగా ఊడటం, పొలుసులు, దురద, ఎర్రదనం కనిపిస్తే అది గజ్జి లేదా తామర కావచ్చు. కుక్కల తామర మనుషులకూ సోకుతుంది. కనుక చిన్నారులను దూరంగా ఉంచి, పశువైద్యునికి చూపించాలి. మగ్గాల నూనె, వాడిన ఇంజన్ ఆయిల్ పూయరాదు. పిల్ల దానిని నాకితే ప్రాణాపాయం కలగవచ్చు.