చెల్యూస్కిన్ అగ్రం: ఆసియా ఉత్తరపు కొసకు ఆ పేరెలా వచ్చింది?

ఆసియా పటాన్ని తెరిచి, ప్రధాన భూభాగం మీద వేలు పెట్టి పైకి జరుపుకుంటూ పోతే సైబీరియాలోని తైమిర్ ద్వీపకల్పం చివర నేల అయిపోతుంది. 77 డిగ్రీల 43 నిమిషాల ఉత్తర అక్షాంశం దగ్గరున్న ఆ చోటే చెల్యూస్కిన్ అగ్రం. ఆసియాకే కాదు, యూరప్‌ను కలిపి చూసినా ప్రధాన భూభాగానికి ఉత్తరపు కొస ఇదే. ఉత్తర ధ్రువం ఇక్కడికి సుమారు 1,370 కిలోమీటర్లు. జూలైలో కూడా సగటు ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలే. చెట్టు లేదు, ఊరు లేదు. 1932లో ఏర్పాటైన ధ్రువ పరిశీలనా కేంద్రం మాత్రం ఉంది.

విచిత్రమేమిటంటే, పటాలు గీసినవాళ్లెవరూ ఈ కొసను చూడకముందే దీనికో పేరుంది. ఆసియా ఈశాన్యాన సముద్రంలోకి చొచ్చుకుపోయిన 'తాబిన్' అనే కొండ గురించి ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు. దాన్ని పట్టుకుని 16వ శతాబ్దపు యూరప్ పటకర్తలు సైబీరియా పైన తాబిన్ అగ్రాన్ని గీసేశారు. చైనాకు ఉత్తరపు దారి వెతికిన డచ్ నావికులు దాన్ని దాటితే చాలనుకున్నారు. తైమిర్‌లో రెయిన్‌డీర్ల వెంట తిరిగే న్గనసాన్ జనం ఉన్నారు గానీ, వాళ్లను అడిగి గీసిన పటాలు కావవి.

ఊహ పోయి కొలత వచ్చింది రష్యా చేపట్టిన మహా ఉత్తర యాత్రతో. విటస్ బేరింగ్ నాయకత్వంలో 1733లో మొదలైన ఈ యాత్రలో వేర్వేరు బృందాలు ఆర్కిటిక్ తీరాన్ని ముక్కలు ముక్కలుగా పంచుకున్నాయి. లేనా నది నుంచి పడమటికి సాగే బృందానికి వాసిలీ ప్రొంచిష్చెవ్ అధిపతి. కొత్తగా పెళ్లయిన ఆయన భార్య తత్యానా కూడా 'యాకుత్స్క్' అనే ఆ చిన్న ఓడలో వెంట వచ్చింది. నౌకకు దారి చూపే ఉద్యోగం సెమ్యోన్ చెల్యూస్కిన్‌ది.

1736 వేసవిలో ఓడ ఈ కొసకు బాగా దగ్గరగా వచ్చి, మంచు అడ్డుకోవడంతో వెనుదిరిగింది. తిరుగు దారిలో ప్రొంచిష్చెవ్ చనిపోయాడు. రెండు వారాలకు తత్యానా కూడా. ఒలెన్యోక్ నది ముఖద్వారం దగ్గర ఇద్దరినీ ఒకేచోట పాతిపెట్టారు. స్కర్వీ వ్యాధే కారణమని చాలాకాలం అనుకున్నారు. 1999లో సమాధి తెరిచి పరీక్షించినప్పుడు ప్రొంచిష్చెవ్ కాలి ఎముక విరిగి ఉంది. అలా విరిగినప్పుడు మూలుగలోని కొవ్వు రక్తనాళాల్లోకి చేరి ప్రాణం తీయగలదు. ఆయన విషయంలో జరిగింది అదేనని నిపుణుల అభిప్రాయం.

నాయకుణ్ణి పోగొట్టుకున్న ఓడను వెనక్కి చేర్చింది చెల్యూస్కినే. తర్వాత ఖరితోన్ లాప్తెవ్ నాయకుడయ్యాడు. 1740లో ఓడ మంచు మధ్య నలిగిపోయింది. ఇక మిగిలింది కుక్కలు లాగే స్లెడ్జి బళ్లే.

1742 మేలో చెల్యూస్కిన్ ఆ బళ్ల మీద తూర్పు తీరం వెంట ఉత్తరానికి వచ్చాడు. ఆ రోజుల్లో అక్షాంశం తెలియాలంటే సూర్యుణ్ణే అడగాలి. మధ్యాహ్నం సూర్యుడు దిగంతం నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తున ఉన్నాడో కొలిచి, దాన్ని 90 నుంచి తీసేసి, ఆనాటి సూర్యుడి క్రాంతిని కలపాలి. క్రాంతి అంటే సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు ఎన్ని డిగ్రీలు ఉత్తరంగా ఉన్నాడన్న లెక్క. మన పంచాంగకర్తలకు తెలిసిన మాటే. మే 20 ప్రాంతంలో అది 20 డిగ్రీలు. కాబట్టి ఈ కొస దగ్గర మధ్యాహ్నపు సూర్యుడు 32 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అర్ధరాత్రి కూడా అస్తమించకుండా ఉత్తర దిక్కున 8 డిగ్రీల ఎత్తున కనిపిస్తాడు. అయితే మబ్బు పడితే కొలత లేదు. పైగా నేలకు ఇదే కొస అనాలంటే ఒకచోటి అక్షాంశం చాలదు, తీరం దక్షిణానికి మళ్లడం కళ్లారా చూడాలి. చెల్యూస్కిన్ ఆ మలుపు దాటి, నైరుతి వైపు సాగాడు.

వెళ్లే ముందు వెంట తెచ్చుకున్న ఒక దుంగను అక్కడ గుర్తుగా పాతాడు. పేరు కూడా పెట్టాడు: 'తూర్పు-ఉత్తర అగ్రం'. రాజు పేరు కాదు, తన పేరు అసలే కాదు, వట్టి దిక్కులు!

ఆ దిక్కుల పేరు నిలవలేదు. 19వ శతాబ్దంలో తైమిర్‌ను శోధించిన అలెగ్జాండర్ మిడ్డెన్‌డోర్ఫ్ సూచనతో అది చెల్యూస్కిన్ అగ్రమైంది. గౌరవంతో పాటు అనుమానమూ వచ్చింది. ప్రయాణంతో విసిగిన మనిషి కొస దాకా పోకుండానే పోయానని రాసుకున్నాడని కొందరు రష్యన్ పండితులు వాదించారు. మిడ్డెన్‌డోర్ఫ్ చెల్యూస్కిన్ పక్షాన నిలిచాడు. 1878 ఆగస్టు 19న నోర్డెన్‌షోల్డ్ 'వేగా' ఓడ అక్కడ లంగరు వేసింది. ఆ కొసను చేరిన తొలి ఓడలు వేగా, దానికి తోడుగా వచ్చిన 'లేనా'లే. ఎదురుగా కనిపించింది సముద్రంలోకి చొచ్చుకొచ్చిన తక్కువ ఎత్తు నేల, ఒడ్డున ఒక ధ్రువపు ఎలుగుబంటి.

ఆ ఎదుట జలసంధికి అవతల, 55 కిలోమీటర్ల దూరంలోనే పెద్ద దీవుల సముదాయం ఉంది. నోర్డెన్‌షోల్డ్ దాన్ని చూడలేదు. 1893లో అటుగా వెళ్లిన నాన్‌సెన్ కూడా చూడలేదు. 1913లో బోరిస్ విల్కిత్స్కీ బృందం కనుక్కుని జార్ నికోలస్ పేరు పెట్టింది. జార్ పాలన పోయాక 1926లో అది సేవెర్నయా జెమ్ల్యా, అంటే ఉత్తర భూమి అయింది. ఇక్కడ దిక్కే గెలిచింది.

అదే 1913 యాత్రలో విల్కిత్స్కీ బృందం తైమిర్ తూర్పు తీరంలోని ఒక అగ్రానికి తత్యానా గౌరవార్థం 'ప్రొంచిష్చెవా' అని పేరు పెట్టింది. రష్యన్‌లో అగ్రాన్ని 'మిస్' అంటారు. పటంలో చోటు మిగల్చడానికి ఆ మాటకు మొదటి అక్షరం 'మ' ఒక్కటే వేసి చుక్క పెడతారు. తర్వాతి పటకర్తలు ఆ 'మ'ను ఆమె పేరులోని పొడి అక్షరం అనుకున్నారు. దాన్ని 'మరియా'గా విడదీసి, పక్కనున్న అఖాతానికి తగిలించారు. ఆమె అసలు పేరు తత్యానా అని పాత పత్రాల్లో తేలింది 1980లలోనే. అఖాతం మాత్రం ఇప్పటికీ పటంలో మరియా ప్రొంచిష్చెవా అఖాతమే.